పాత దిగుమతి, కొత్త డిమాండ్: రిట్ మేలా, అప్పీలు మేలా?

సరుకు దిగి ఏడెనిమిదేళ్లయింది. అమ్ముడైపోయింది, లాభమో నష్టమో లెక్క కూడా తేలిపోయింది. ఇప్పుడు కస్టమ్స్ నుంచి ఆర్డరు: తేడా సుంకం, దానిమీద వడ్డీ, ఆపైన పెనాల్టీ. ఇలాంటి కాగితం పట్టుకొచ్చే దిగుమతిదారులు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు. "ఇన్నేళ్ల తర్వాత అడిగితే చెల్లుతుందా? అప్పీలు మెట్లన్నీ వదిలి తిన్నగా హైకోర్టుకే పోయి రిట్ వేద్దామా?"

ఎన్నేళ్లయిందన్నది నేను తర్వాత చూస్తాను. ముందు చూసేది, ఆలస్యం ఏ రెండు తేదీల మధ్య జరిగిందన్నది. సరుకు క్లియరయ్యాక నోటీసు రావడానికి పట్టిన కాలం ఒకటి, నోటీసు వచ్చాక ఆర్డరు రావడానికి పట్టిన కాలం ఇంకొకటి. ఎనిమిదేళ్లు ఎనిమిదేళ్లే అయినా, మొదటిదాన్ని తేల్చే చోటు వేరు, రెండోదాన్ని తేల్చే చోటు వేరు.

మొదటిది చూద్దాం. కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ ప్రకారం మామూలుగా రెండేళ్లలోపు నోటీసు ఇవ్వాలి. కుమ్మక్కు, కావాలని తప్పు చెప్పడం, నిజం దాచడం ఉంటే ఐదేళ్లు. రెండేళ్లు దాటిన నోటీసుల్లో "నిజం దాచారు" అన్న వాక్యం తప్పకుండా కనిపిస్తుంది, అది లేకపోతే నోటీసే నిలవదు కాబట్టి. మీరు నిజంగా దాచారా లేదా అన్నది బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి వేళ కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన) సరుకు వర్ణన, ఇన్వాయిసు, కేటలాగు, ల్యాబు రిపోర్టు చూసి తేల్చాల్సిన సంగతి. రిట్‌లో హైకోర్టు ఆ పని పెట్టుకోదు. అప్పీలుకు వెళ్లండి అంటుంది, సబబే. ఇలాంటి కేసుకు కమిషనర్ (అప్పీల్స్), ఆ పైన ట్రిబ్యునలే సరైన దారి. వర్గీకరణ మీద, అంటే సరుకు ఏ సుంకం పద్దు కిందకొస్తుందన్నదాని మీద పేచీ అయితే ట్రిబ్యునల్లో సాంకేతిక సభ్యుడు కూడా ఉంటారు, వాదన వినే ఓపిక అక్కడే ఎక్కువ.

రెండో రకం ఆలస్యంలోనే రిట్‌కు బలం. 2018 మార్చి 29 నుంచి 28(9) మారింది. నోటీసు ఇచ్చిన ఆరు నెలల్లో, ఐదేళ్ల గడువు వాడుకున్న కేసులైతే ఏడాదిలో, ఆర్డరు ఇచ్చితీరాలి. పై అధికారి ఇంకో ఆరు నెలలో ఏడాదో పొడిగించవచ్చు. అదీ దాటితే అసలు నోటీసే ఇవ్వనట్టు లెక్క. ఇందులో సరుకు గొడవ లేదు, తేదీల కూడిక తప్ప. అంతకుముందు ఇచ్చిన నోటీసులకు పాత సెక్షనే వర్తిస్తుందని 2020లో వివరణ చేర్చారు. ఆ పాత సెక్షన్‌లో ఆర్డరు గడువు పక్కన "సాధ్యమైనచోట" అన్న మాట ఉండేది. అయినా కోర్టులు ఆ పాత నోటీసుల్లో జరిగిన ఆలస్యాన్ని సులభంగా వదల్లేదు. నోటీసు ఇచ్చిన పదమూడేళ్లకు వచ్చిన ఆర్డరును 2020లో పార్లే ఇంటర్నేషనల్ కేసులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది (అది ఎక్సైజు కేసు, తర్కం మాత్రం అదే). 2024 డిసెంబరులో వోస్ టెక్నాలజీస్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ఏళ్ల తరబడి తేల్చకుండా పెట్టిన నోటీసులను రద్దు చేసింది.

మరి శాఖ ఊరుకుంటుందా? "ఫైలు కాల్ బుక్‌లో పెట్టాం" అంటుంది, అంటే ఇప్పట్లో తేల్చలేని కేసుల జాబితాలో. కేసు తేలేది నిజానికి ఇక్కడే. 28(9ఏ) ప్రకారం ఇలాంటి వివాదం మీద పైకోర్టులో అప్పీలు పెండింగులో ఉన్నా, స్టే ఉన్నా, బోర్డు ఆపమని చెప్పినా గడియారం ఆగుతుంది. కానన్ కేసులో డీఆర్ఐ (కస్టమ్స్ ఎగవేతలను పట్టే రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం) అధికారులకు నోటీసిచ్చే అధికారం లేదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు అంది, 2024 నవంబరులో రివ్యూలో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆ మధ్యకాలంలో ఆగిన డీఆర్ఐ ఫైళ్లకు శాఖ ఈ కారణమే చూపిస్తుంది, కొట్టిపారేయలేం. కానీ అదే ఉపసెక్షన్‌లో ఇంకో ముక్క ఉంది: ఎందుకు తేల్చలేకపోతున్నారో ఆ కారణం సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి. నా దృష్టిలో కేసు మొత్తం ఆ ఉత్తరం మీదే నిలబడుతుంది. అది మీకు రాకపోతే రిట్‌కు పునాది గట్టిది. వచ్చి, పాత మెయిల్లో ఎక్కడో పడి ఉంటే, మీ అఫిడవిట్ చదివినరోజే ప్రభుత్వ న్యాయవాది దాన్ని బయటకు తీస్తారు. అందుకే రిట్ రాయించే ముందు పాత మెయిళ్లు, తపాలా రిజిస్టరు, కస్టమ్స్ బ్రోకరు దగ్గరున్న ఫైలు అన్నీ వెతికిస్తాను. ఆఫీసు మారి, కొత్త చిరునామా ఐఈసీలో (దిగుమతి-ఎగుమతి కోడ్ రికార్డులో) ఎక్కించకుండా "నాకేమీ అందలేదు" అంటే వినేవాళ్లు తక్కువ. హియరింగు వాయిదా అడుగుతూ మీరు రాసిన ఉత్తరాలూ లెక్కలోకి వస్తాయి. మూడుసార్లు మీరే వాయిదా కోరి, ఆలస్యమైందని మీరే కోర్టుకెక్కితే ముఖం చెల్లదు.

డబ్బు సంగతి. ఉదాహరణకు ఇరవై లక్షల సుంకం డిమాండ్‌కు మొదటి అప్పీలులో ప్రీ-డిపాజిట్ (అప్పీలు వేయడానికి ముందే కట్టాల్సిన మొత్తం) ఏడున్నర శాతం, అంటే లక్షన్నర. అది కడితే మిగతా వసూలు ఆగుతుంది. రిట్‌లో ఈ తప్పనిసరి లేదు, కానీ స్టే ఇస్తూ కొంత కట్టమని కోర్టు షరతు పెట్టవచ్చు. లాయరు ఫీజుతో కలిపి చూస్తే తేడా జనం అనుకున్నంత ఉండదు. డబ్బు మిగులుతుందని రిట్ ఎంచుకోవడం నాకు నచ్చదు.

నాకు భయం పుట్టించేది అప్పీలు గడువు. కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి అరవై రోజులు, సరైన కారణముంటే మరో ముప్పై. తొంభై దాటితే ఆయనకు క్షమించే అధికారమే లేదు. అప్పుడు రిట్ వేసి నెట్టుకొద్దామంటే, 2020లో కాకినాడ పన్నుల అధికారికి, గ్లాక్సో కంపెనీకి నడిచిన కేసు అడ్డొస్తుంది. అది వ్యాట్ కేసే, అయినా అప్పీలు గడువు దాటబెట్టుకుని రిట్‌కు వస్తే హైకోర్టు వినకూడదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. కాబట్టి నోటీసుకు, ఆర్డరుకు మధ్య గడువు దాటిందని కాగితాల్లోనే కనిపిస్తే నా ఓటు రిట్‌కే, కానీ ఆర్డరు అందిన రెండు మూడు వారాల్లోనే వేయాలి. అప్పీలు చిత్తుప్రతి పక్కన సిద్ధంగా ఉండాలి. "ప్రత్యామ్నాయ మార్గం ఉంది కదా" అని హైకోర్టు పంపేసినా రోజులు మిగిలి ఉంటాయి.

కట్టేసి వదిలించుకునే దారీ ఉంది. నోటీసు అందిన ముప్పై రోజుల్లో సుంకం, వడ్డీ, పదిహేను శాతం పెనాల్టీ కడితే 28(5) కింద వ్యవహారం ముగుస్తుంది. తప్పు నిజంగా జరిగినవాళ్లకు మంచిదే. ఆర్డరు దాకా వచ్చినవాళ్లకు ఆ రైలు వెళ్లిపోయింది. ఇలాంటి కేసులను రాజీతో తేల్చే సెటిల్‌మెంట్ కమిషన్ 2025 ఏప్రిల్ 1 నుంచి లేదు, దాని గురించి అడగకండి. ప్రొవిజనల్ అసెస్‌మెంట్ (సుంకాన్ని తాత్కాలికంగా లెక్కకట్టి సరుకు వదలడం) మూలపడి ఉన్నవాళ్లకు, దాన్ని తుదిగా తేల్చడానికి రెండేళ్ల గడువు 2025లో వచ్చింది. పాతవాటికి అది 2025 మార్చి 29 నుంచి మొదలైంది, ఇంకో ఏడాది పొడిగించవచ్చు కూడా. ఈలోగా ఆలస్యమని కోర్టుకెక్కితే శాఖ ఆ గడువునే చూపిస్తుంది. అడిగిన కాగితాలన్నీ ఇచ్చేసి, ఇచ్చినట్టు రసీదు దాచుకోండి.

రిట్ పెండింగులో ఉందని వడ్డీ ఆగదు. ఏడాదికి పదిహేను శాతం, ఇరవై లక్షల మీద మూడు లక్షలు. గెలుపు మీద ఏమాత్రం అనుమానమున్నా అసలు సుంకాన్ని నిరసన తెలిపే ఉత్తరంతో కట్టి, ఆ ఉత్తరం మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాకే వకాల్తా మీద సంతకం పెట్టండి.