కరెంటు కారుకు కిలోమీటరుకు రూపాయేనా?

సెల్లార్‌లో సొంత పార్కింగు, అక్కడిదాకా మీటర్ నుంచి వైరు లాగే వీలు. ఈ రెండూ లేనివాళ్లు ఎలక్ట్రిక్ కారు జోలికి వెళ్లొద్దనే చెబుతాను. 2022లో కొన్న బండి, హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకూ, పండగలకు విజయవాడకూ తిప్పుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ రాసేవాటిలో చాలామటుకు ఏ కంపెనీ బండికైనా ఒకటే.

బ్యాటరీ సుమారు 40 యూనిట్లది. "కిలోమీటరుకు రూపాయి సార్" అన్నాడు షోరూమ్ అబ్బాయి. అబద్ధమేమీ కాదు, కాకపోతే ఏ మీటర్ మీదో చెప్పలేదు. సిటీలో నా బండి యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తుంది. ఈవీ (ఎలక్ట్రిక్ బండి) ఛార్జింగ్‌కని విడిగా మీటర్ పెట్టించుకుంటే తెలంగాణలో యూనిట్ ఆరు రూపాయల దగ్గర పడుతుంది. సాకెట్ నుంచి తీసుకున్న కరెంటులో కొంత వేడిగా పోతుంది. అది కలుపుకున్నా రూపాయి లెక్క సరిపోతుంది. అదే ఇంటి మీటర్‌కు తగిలిస్తే కథ వేరు. రెండు ఏసీలు నడిచే ఇంట్లో ఎండాకాలం బిల్లు ఎలాగూ 400 యూనిట్లు దాటుతుంది, ఆ పైన కారు తాగే ప్రతి యూనిట్‌కూ తొమ్మిదిన్నర. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర. లీటరు పెట్రోలు 107 దాటిన ఊళ్లో అదీ చవకే, కాదనను.

విడి మీటర్ కావాలంటే ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను ఒప్పించాలి. "రేపు మంటలొస్తే ఎవరిదండీ బాధ్యత?" అని ప్రెసిడెంటుగారు మీటింగులో అందరి ముందూ అడిగారు. ఇంటి కనెక్షన్ మీద ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఉన్నాయని ప్రింటు తీసి చూపిస్తే, "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం కొన్ని నెలలు సాగింది. ప్యానెల్ బోర్డు ఒక మూల, నా పార్కింగు ఇంకో మూల. మందపాటి రాగి కేబుల్, ఎర్తింగ్, ఎంసీబీ, కూలీ అన్నీ కలిపి ముప్పై వేల పైనే అయింది. 15 ఆంపియర్ల సాకెట్‌తో బండి పూర్తిగా నిండడానికి పదమూడు, పద్నాలుగు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసుకునేవాళ్లకు అదేమీ ఇబ్బంది కాదు.

ఇబ్బందంతా విజయవాడ హైవే మీదే. కాగితం మీద 400 కిలోమీటర్ల పైన చెప్పిన రేంజి, అంటే ఒక్క ఛార్జికి వెళ్లే దూరం, సిటీలో 280, హైవేలో ఏసీ వేసుకుని గంటకు వంద మీద వెళ్తే 220. పెట్రోలు బండికి హైవేలో మైలేజీ పెరుగుతుంది, దీనికి తగ్గుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి వెనక్కి నెట్టే బలం విపరీతంగా పెరుగుతుంది. సిటీలో బ్రేకు నొక్కినప్పుడల్లా బ్యాటరీకి తిరిగొచ్చే కరెంటు ఇక్కడ రాదు. ఎల్బీనగర్ నుంచి బెజవాడ 250 కిలోమీటర్ల పైనే, కాబట్టి సూర్యాపేట దగ్గర ఆగక తప్పదు. అక్కడ ఛార్జర్లు లేవని కాదు. ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. ముందే డబ్బు వేయాలి, మిగిలింది అందులోనే పడి ఉంటుంది. 60 కిలోవాట్లని బోర్డు ఉంటుంది, అదే ఛార్జర్‌కున్న రెండో గన్‌కు (బండికి తగిలించే ప్లగ్గుకు) ఇంకో బండి తగిలిస్తే చాలాచోట్ల అది సగమైపోతుంది. బ్యాటరీ 80 శాతం నిండాక ఛార్జింగ్ ఎలాగూ నత్తనడకే. సంక్రాంతి రద్దీలో నా ముందు రెండు బండ్లున్నాయంటే టిఫినూ అయిపోతుంది, టీ అయిపోతుంది, పిల్లల ఓపికా అయిపోతుంది.

పైగా ఇక్కడ కరెంటు చవకేం కాదు. యూనిట్ ఇరవై రూపాయలు అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ. కారు మీద జీఎస్టీ 5 శాతమే, కారు తాగే కరెంటు మీద 18! హైవేలో యూనిట్‌కు అయిదున్నర కిలోమీటర్లే వస్తాయి కాబట్టి కిలోమీటరుకు నాలుగు రూపాయలు దాటుతుంది. లీటరుకు 18 ఇచ్చే డీజిల్ బండికి అయిదు చిల్లర. అంటే గంట నిలబడి మిగిల్చేది కిలోమీటరుకు ఒక్క రూపాయి.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం మీద ఈవీలకు 15 శాతం రాయితీ ఉంది. కానీ సొంత బండికి జరిగే నష్టం భాగం బండి విలువను బట్టి ఉంటుంది, ఆ విలువేమో ఎక్కువ. అడుగున ఉన్న బ్యాటరీకి దెబ్బ తగిలితే కవరయ్యే యాడ్ఆన్ (పాలసీకి అదనపు రక్షణ) వేరే కొనాలి, మన స్పీడు బ్రేకర్లు చూశాక ఎవరూ దాన్ని వదిలేయరు. బరువు ఎక్కువ, పికప్ ఎక్కువ, కాబట్టి టైర్లు నా పాత కారు కంటే ముందే అరిగాయి. ఇంజిన్ ఆయిల్ లేదు, బ్రేకు ప్యాడ్లు ఇంకా మొదటివే. ఆ మేరకు హాయి.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. ఇంత పెద్ద బ్యాటరీ ఉన్న బండిలోనూ పాతకాలపు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది పడుకుంటే మొత్తం బండి పడుకుంటుంది. ఒకరోజు పొద్దున నా బండి 70 శాతం ఛార్జింగ్‌తో సెల్లార్‌లో మొద్దులా నిలబడిపోయింది. సర్వీసు సెంటర్ మనిషి రావడానికి మధ్యాహ్నమైంది.

మా బావగారు ఇవన్నీ విని స్ట్రాంగ్ హైబ్రిడ్ కొన్నారు, అంటే పెట్రోలు ఇంజినుతోపాటు నడుస్తూనే ఛార్జ్ అయ్యే బ్యాటరీ, మోటారు ఉన్న కారు. సిటీలో లీటరుకు ఇరవై వస్తుంది, సాకెట్ గొడవ లేదు. అయితే బ్యాటరీ సగం డిక్కీ తినేసింది. ఆయన కొన్నప్పుడు సెస్సుతో కలిపి 43 శాతం పన్ను. నాకు తెలంగాణ 2020 ఈవీ విధానంలో లైఫ్ ట్యాక్స్ మాఫీ అయింది, ఆయన పూర్తిగా కట్టారు. మామూలు పెట్రోలు మోడల్ కంటే మూడు లక్షలు ఎక్కువ పెట్టారు. కిలోమీటరుకు మూడు రూపాయలు మిగిలినా ఆ సొమ్ము వెనక్కి రావడానికి లక్ష కిలోమీటర్లు తిరగాలి. ఆయనేమో రిటైరయ్యారు, ఏడాదికి ఎనిమిది వేలు తిరిగితే గొప్ప.

ఈమధ్య ఊరికే ఒక సెకండ్ హ్యాండ్ డీలరుకు బండి చూపించాను. బాడీ, టైర్లు చూశాక, "బ్యాటరీ లోపల ఎట్లుందో నాకెట్ల తెలుస్తది సార్?" అన్నాడు. ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ కాగితం చూపించినా రేటు కదల్లేదు. నేను పెట్టిన డబ్బుకు ఇప్పుడు ఇంకా పెద్ద బ్యాటరీతో కొత్త బండే వస్తోందని ఫోన్‌లో చూపించి, సగం కంటే తక్కువ చెప్పాడు. అమ్మలేదు. వారంటీ తీరేదాకా నేనే నడుపుతాను, బెజవాడకు మాత్రం ఇకనుంచి రైలే.