విమానం దిగని ఊళ్లో విమానాల వేట

కరీంనగర్‌లో మా డాబా మీది ఆకాశం ఢిల్లీ, చెన్నై మధ్య తిరిగే విమానాలది. తెల్లటి చార గీసుకుంటూ పోతాయే తప్ప ఒక్కటీ కిందికి దిగదు. 36 వేల అడుగులంటే దాదాపు 11 కిలోమీటర్లు. అంత ఎత్తున ఉన్న ఎయిర్‌బస్ ఏ320, 600 ఎంఎం లెన్సు పెట్టినా కెమెరా సెన్సర్ మీద 2 మిల్లీమీటర్ల పొడవే పడుతుంది. ఏ సంస్థదో రంగును బట్టి పోల్చుకోవచ్చు కానీ రెక్క కింద రాసిన రిజిస్ట్రేషన్ అక్షరాలు చదవలేం. వాట్సాప్‌లో అలాంటి ఫొటోలే పంచుకుని పంచుకుని, విమానాలు చూసి ఫొటోలు తీసే మా స్పాటర్ల బృందానికి విసుగొచ్చింది.

వరంగల్ రమ్మని పిలిచింది మా బృందంలో పెద్దవాడు, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన అన్న. అక్కడ విమానం దిగదు కదా అంటే లెక్క చెప్పాడు. హైదరాబాద్‌కూ కోల్‌కతా, భువనేశ్వర్‌లకూ మధ్య వచ్చిపోయే విమానాలకు వరంగల్ దారిలోనే ఉంటుంది. శంషాబాద్ అక్కడికి గాలిదారిలో 145 కిలోమీటర్ల దూరం. వెయ్యి అడుగులు దిగడానికి విమానానికి సుమారు మూడు నాటికల్ మైళ్లు, అంటే అయిదున్నర కిలోమీటర్లు కావాలి. అంటే శంషాబాద్‌లో దిగాల్సినది వరంగల్ మీదికి వచ్చేసరికి 25 వేల అడుగుల దగ్గర ఉండాలి. మన కెమెరాకు మూడు కిలోమీటర్లు దగ్గరైనట్టే! లెన్సు మార్చకుండా విమానం ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుందంటే ఎవరు కాదంటారు? డిసెంబరు చివర్లో ఒక శుక్రవారం సాయంత్రం హుజూరాబాద్ మీదుగా ఆర్టీసీ బస్సులో బయలుదేరాం.

బసల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మా కొలతలు వేరు. ఏసీ ఉందా, టీవీ ఉందా అని అడగం. డాబా మీదికి పోనిస్తారా అని అడుగుతాం. హనుమకొండ చౌరస్తా దగ్గర మొదట దిగిన లాడ్జిలో సరేనన్నారు. పొద్దున వెళ్లి అడిగితే తాళంచెవి యజమాని దగ్గర ఉందన్నారు, యజమాని ఊళ్లో లేడన్నారు. బతిమాలి ఎక్కితే నీళ్ల ట్యాంకులు, సెల్ టవరు, ఆరేసిన దుప్పట్లు. తూర్పు దిక్కే కనబడలేదు. గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు, దానికి ఫోన్ల చార్జర్లు పెట్టాలా, కెమెరా బ్యాటరీలు పెట్టాలా? ఆ మధ్యాహ్నమే నక్కలగుట్ట వైపు మారాం. అద్దె కొంచెం ఎక్కువే అయినా మేనేజరు స్వయంగా డాబా తలుపు తీసి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆయనకూ సరదా పుట్టి, ఫోనులో ఫ్లైట్‌రాడార్ యాప్ దింపుకుని, వచ్చీపోయే వాళ్లందరికీ అది ఇండిగో, ఇది ఎయిర్ ఇండియా అని చూపించసాగాడు.

ఊళ్లో మాకు బాగా కలిసొచ్చిన చోటు గోవిందరాజుల గుట్ట. వరంగల్ స్టేషన్ నుంచి ఆటోలో కాసేపే. మెట్లు నిటారుగా ఉంటాయి, ట్రైపాడ్ మోసేవాళ్లకు ఆయాసం తప్పదు. పైకి చేరాక మాత్రం నాలుగు దిక్కులూ తెరిపి. చలికాలం ఎనిమిది దాకా పొగమంచు పొరగా ఉంటుంది, తొమ్మిదిన్నర దాటితే రాళ్లు వేడెక్కి గాలి అలలు లేస్తుంది. ఆ మధ్యలో దొరికిందే ఫొటో. నడినెత్తిన వచ్చేదాకా ఆగి తీయాలి. ఏటవాలుగా చూస్తే దుమ్మూ వేడీ రెట్టింపు మందాన అడ్డుపడతాయి, గీతలు వంకరపోతాయి. అక్కడే నాకు మొదటిసారి రెక్క కింది ‘వీటీ’ (మన దేశపు విమానాల గుర్తు) తర్వాతి మూడు అక్షరాలూ దక్కాయి. ఇండిగో విమానం, నీలిరంగు పొట్ట, ఇంజన్ల వెనక చార లేదు. ఆ ఎత్తున ఆ పూట గాలి ఇంజన్ల ఆవిరి గడ్డకట్టేంత చల్లగా లేదు. చార లేకపోవడం మాకు మేలే. నీలాకాశంలో విమానం ఒక్కటే, అంచులు కోసినట్టు.

కాసేపటికి చాలా ఎత్తున రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చాయి. మెట్ల మీద కూర్చున్న కాలేజీ పిల్లలు ‘అయ్యో, గుద్దుకుంటాయి’ అని లేచి నిలబడ్డారు. అన్న వాళ్లకు ఓపిగ్గా చెప్పాడు: తూర్పు సగానికి పోయేవి 35 వేలు, 37 వేలు అని బేసి ఎత్తుల్లో ఎగురుతాయి, పడమటి సగానికి పోయేవి 36, 38 అని సరి ఎత్తుల్లో. నడుమ వెయ్యి అడుగుల ఖాళీ ఎప్పుడూ ఉంటుంది. కింది నుంచి చూసే కంటికి ఆ వెయ్యి అడుగులు ఆనవు. ఆ పిల్లలు మధ్యాహ్నం దాకా మమ్మల్ని వదల్లేదు. కోతులు కూడా. లెన్సు హుడ్డు ఒకటి వాటి పాలైంది.

వరంగల్ కోటకు అందరూ వెళ్తారు, మేమూ వెళ్లాం. కీర్తి తోరణం మీదుగా విమానం పోతున్న ఫొటో కావాలని ప్రతి స్పాటరుకూ ఉంటుంది. తోరణం మొత్తం పట్టేలా తీస్తే విమానం చుక్కవుతుంది, విమానాన్ని దగ్గరికి లాగితే తోరణం పోతుంది. పొడుగాటి చార ఉన్న రోజున తప్ప అది కుదిరే పని కాదు. పైగా పురావస్తు శాఖ ఆవరణలో అనుమతి లేనిదే ట్రైపాడ్ పెట్టనివ్వరు. భద్రకాళి చెరువు కట్ట సాయంత్రం నడకకు హాయి, వేటకు కాదు. పొద్దు వాలుతుంటే పడమటి విమానాలన్నీ నల్లటి బొమ్మలే.

ఖమ్మం రోడ్డు మీద మామునూరుకు మాత్రం ఫొటో కోసం వెళ్లలేదు. 1930లో నిజాం కట్టించిన విమానాశ్రయం అది, 1981 దాకా వాడుకలో ఉంది. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు పనుల మీద వచ్చేవాళ్లకు అదే దిగే చోటు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం దీనికి చాలాకాలం అడ్డుపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది, ఉన్న 696 ఎకరాలకు మరో 253 ఎకరాలు సేకరించాలని అప్పటి లెక్క. రోడ్డు పక్క టీ కొట్టులో ఒక పెద్దమనిషి చిన్నప్పుడు గాలిమోటరు దిగుతుంటే బడి ఎగ్గొట్టి పరిగెత్తేవాళ్లమని చెప్పాడు. ఆయన మనవడు మాత్రం నక్కలపల్లిలో భూముల ధర గురించే మాట్లాడాడు. లోపలికి పోవడానికి ప్రయత్నించకండి. బయటి నుంచి చూడటానికి ఏమీ లేదు, అరగంట టీకి చాలు.

శంషాబాద్‌తో పోలుస్తారు కాబట్టి ఒక మాట. అక్కడ ఎమిరేట్స్ 777, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 787 చక్రాలు విప్పుకుని నెత్తి మీదుగా దిగుతాయి, ఆ థ్రిల్లు వరంగల్‌లో రాదు. 2016 మేలో అక్కడ దిగిన ఆంటొనోవ్ ఆన్-225 ఫొటో మా బృందంలో ఒకరి దగ్గర ఉంది. ఆ విమానం 2022లో యుద్ధంలో ధ్వంసమైంది కనుక ఆ ఫొటోను మించింది మాకెవరికీ దక్కదు. కానీ శంషాబాద్ చుట్టూ కెమెరా తీస్తే ఎవరో ఒకరు వచ్చి ఎవరు, ఎందుకు అని అడుగుతారు. అడగడం వాళ్ల పని, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవడం మన పని. గుట్ట మీద ఎవరూ అడగలేదు, పూజారిగారు ప్రసాదం తీసుకున్నారా అని తప్ప.

ఫొటోలు పంచుకోవడంలో అన్న కచ్చితం. డాక్యుమెంటుగానే పంపాలి, మామూలుగా పంపితే వాట్సాప్ పిండేసి ఆ మూడు అక్షరాలనూ అలికేస్తుంది. తీసిన సమయం, దిక్కు, ఎత్తు రాయాలి. దుండిగల్, హకీంపేట వైపు నుంచి వచ్చే వైమానిక దళం విమానాలు కంటపడితే చూసి ఆనందించాలి, కెమెరా ఎత్తకూడదు. కాజీపేటలో ఆయన డాబా మీద చిన్న యాంటెన్నా ఉంది. విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో తమ ఎత్తు, వేగం, ఉన్నచోటు చెప్పుకుంటూ పోతాయి, దాన్ని అది పట్టుకుని తెర మీద చూపిస్తుంది. రాత్రి మక్క గారెలు తింటూ ఆ తెర ముందు కూర్చుని, పగటి ఫొటోలన్నిటినీ సరిచూసుకున్నాం. గోవిందరాజుల గుట్ట మీద తీసిన వాటిలో సగానికి సగం ఆయన పనికిరావని కొట్టేశాడు.

తిరుగుదారిలో పెద్దపల్లి దాకా రైలెక్కి బసంత్‌నగర్ చూశాం. కేశోరాం సిమెంటు కర్మాగారం కోసం వేసిన రన్‌వే అది, 1980లలో చిన్న ఊళ్లకు విమానాలు నడిపిన వాయుదూత్ సంస్థ సర్వీసు అక్కడికి కొంతకాలం నడిచింది. ఇప్పుడు పొదలే. మామునూరుకున్న ఆశ కూడా అక్కడ కనబడలేదు. పెద్దపల్లిలో పని ఉంటే తప్ప ఆటో ఖర్చు దండగ. గోదావరిఖని నుంచి వచ్చే బస్సులు రాజీవ్ రహదారి మీద చెయ్యెత్తితే ఆగుతాయి, చీకటి పడకముందే కరీంనగర్ చేరిపోవచ్చు.