క్యాంపింగ్‌లో వేణ్ణీళ్ళు: ఆరు చలికాలాలు వాడి చూశాక

మా అమ్మ స్నానం చెయ్యకుండా కాఫీ ముట్టదు. ఇంట్లో ఉన్నా అంతే, లంబసింగిలో టెంటు వేసుకుని పడుకున్నా అంతే. కార్తీక మాసమైతే తెల్లారకముందే తలస్నానం చేసి దీపం పెట్టాలి. మేము విశాఖపట్నం నుంచి ఏటా కార్తీకంలో ఒకసారి, సంక్రాంతి లోపు ఇంకో రెండుసార్లు ఏజెన్సీ వైపు వెళ్తాం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి, తాజంగి. లేదంటే పాడేరు దగ్గర వంజంగి. మొదటి ఏడాది అమ్మ చన్నీళ్ళతోనే స్నానం చేసింది. ఆ రోజంతా మోకాళ్ళు పట్టేసి కారు దిగలేకపోయింది. మరుసటి ఏడాది బయల్దేరుదామంటే "నేను రాన్లే నాన్నా, మీరు వెళ్ళిరండి" అంది. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. అప్పటి నుంచి ఈ వేణ్ణీళ్ళ సంగతి పట్టుకున్నాను.

మొదట కొన్నది నల్ల సంచి, సోలార్ షవర్ పేరుతో అమ్మేది. 20 లీటర్లు పడుతుంది. అడుగున పైపు, దాని చివర చిన్న జల్లు మూత. మడిస్తే చొక్కా అంత అవుతుంది. ఎండ ఉంటే బాగా పని చేస్తుంది. డిసెంబరులో తాజంగి దగ్గర ఉదయం పదింటికి కారు బానెట్ మీద పరిచి పెడితే, రెండింటికల్లా నీళ్ళు 19 డిగ్రీల నుంచి 36కి వచ్చాయి. సగమే నింపితే పల్చగా పరుచుకుంటుంది కాబట్టి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. కానీ మాకు నీళ్ళు కావలసింది తెల్లవారుజామున. లంబసింగిలో చాలా రోజులు తొమ్మిది దాటితే గాని పొగమంచు విడవదు. సాయంత్రం వేడి సంచిని దుప్పట్లో చుట్టి పెట్టి చూశాను, తెల్లారేసరికి చల్లబడిపోయింది. పైగా నిండు సంచి 20 కిలోలు. దాన్ని తలకంటే ఎత్తున కొమ్మకు కట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మూడో ఏడాది పిడి దగ్గర అతుకు విడిపోయింది. కింద నుంచి పట్టీ వేసి కట్టుకున్నాను. ఇప్పుడు 10 లీటర్లకు మించి నింపను. మధ్యాహ్నం నడిచి వచ్చిన పిల్లల కాళ్ళూ చేతులూ కడగడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

కారు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే హీటరు కొనొద్దు. ఇది గట్టిగానే చెప్తున్నాను. 10 లీటర్ల నీళ్ళను 12 డిగ్రీల నుంచి 42కి తేవాలంటే దాదాపు 0.35 యూనిట్ కరెంటు కావాలి. ఆ సాకెట్ నుంచి వచ్చేది 120 వాట్లు అనుకుందాం. వేడి ఎటూ పోకపోయినా మూడు గంటలు పడుతుంది. ఆ లోపు బ్యాటరీ డౌన్ అయితే కొండ మీద కారు తొయ్యాలి. నేను దాన్ని ఒక్కసారే వాడాను. ఫ్లాస్కులో అరలీటరు పాలు వెచ్చబెట్టుకోవడానికి తప్ప పనికిరాలేదు.

గ్యాస్ గీజరు నాది కాదు, మా స్నేహితుడిది. రెండు చలికాలాలు కలిసి వాడాం. 5 కిలోల సిలిండరు, గీజరు, బకెట్‌లో ఒక చిన్న 12 వోల్టుల పంపు. పంపు ఆన్ చెయ్యగానే మంట అంటుకుంటుంది, ఐదారు సెకన్లలో వేడినీళ్ళు. హాయి విషయంలో దీనికి సాటి లేదు. కానీ నిమిషానికి ఐదారు లీటర్లు పోతాయి. ఐదు నిమిషాలు నిలబడితే 30 లీటర్లు అయిపోయినట్టే. ఊట దగ్గర నుంచి డబ్బాలతో మోసుకొచ్చే చోట ఒక మనిషి స్నానానికి 30 లీటర్లు ఎక్కడి నుంచి తేగలం? పంపు కొంచెం మందగిస్తే మంట ఆరిపోతుంది, తల మీద ఉన్నట్టుండి చన్నీళ్ళు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని టెంటులో గాని, మూసి ఉన్న స్నానపు గుడారంలో గాని పెట్టకూడదు. గాలి ఆడని చోట గ్యాస్ కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కళ్ళు తిరుగుతున్నాయని అనుకునేలోపే మనిషి పడిపోతాడు. మన ఇళ్ళ బాత్రూముల్లోనే ఇలా ప్రాణాలు పోయాయి. గీజరు ఎప్పుడూ బయట, ఆరుబయట. పైపు ఒక్కటే లోపలికి రావాలి. మా స్నేహితుడికి మొదటి రోజే ఈ మాట చెప్పి, వాళ్ళ పిల్లల చేత కూడా అనిపించాను.

చివరికి ఎక్కువ కాలం నిలబడింది మామూలు పొయ్యే. మొదట్లో క్యాసెట్ స్టవ్ వాడేవాణ్ణి, పక్కన చిన్న గ్యాస్ డబ్బా పెట్టుకునేది. మైదానంలో బాగుంటుంది. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున మంట చిన్నదైపోయి నీలంగా వణుకుతూ ఉండేది. స్టవ్ పాడైందని అనుకున్నాను. సంగతి అది కాదు. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అది ద్రవంగానే ఉండిపోతుంది, గ్యాస్‌గా మారదు. పైగా వాడుతున్నకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది. చేత్తో ముట్టుకుంటే ఐసుముక్కలా ఉండి, మీద తెల్లగా మంచు పట్టేది. రాత్రి డబ్బాను దుప్పట్లో చుట్టి పెట్టుకుంటే తెల్లారి బాగా వెలిగింది. అంతకుమించి దాన్ని వేడి చెయ్యడానికి చూడొద్దు. మంట దగ్గర పెట్టడం, మరిగే నీళ్ళలో పెట్టడం పెద్ద ప్రమాదం. ఇప్పుడు 5 కిలోల సిలిండరు మీద ఒంటి బర్నరు బిగించుకుని వాడుతున్నాను. కారులో నిటారుగా కట్టి, అద్దం కొంచెం దించి తీసుకెళ్తాం.

ఒకసారి చిన్న త్రాసు తీసుకెళ్ళి తూచాను. 10 లీటర్లను స్నానానికి సరిపడా వేడి చెయ్యడానికి 55 గ్రాముల గ్యాస్ అయింది. గాలికి అడ్డం లేకుండా కాస్తే దాదాపు రెట్టింపు. అందుకని మూడు వైపులా రేకు పెడతాను. నాలుగో వైపు మూయకూడదు, మంటకు గాలి ఆడాలి. అన్ని నీళ్ళూ కాయడానికి పెద్ద గిన్నె మోయక్కర్లేదు. ఒక చెంబు మరిగిన నీళ్ళకు రెండు చెంబుల చన్నీళ్ళు కలిపితే సరిగ్గా ఒంటికి పట్టే వేడి వస్తుంది. దీనివల్ల గ్యాస్ ఆదా ఏమీ కాదు, నాలుగు లీటర్ల గిన్నెతోనే పనైపోతుంది, అంతే. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, తర్వాతే మరిగిన నీళ్ళు పొయ్యాలి. పిల్లలు చెయ్యి పెట్టేస్తారు.

జల్లు కోసం రెండు కొన్నాను. ఒకటి మొక్కలకు మందు కొట్టే 5 లీటర్ల ప్రెషర్ స్ప్రేయరు. కొత్తదే కొనాలి, పురుగుమందు ఒక్కసారి పోసినది కూడా వంటికి వాడకూడదు. నీళ్ళు చాలా పొదుపు, మూడు లీటర్లతో పని అయిపోతుంది. కాని తుంపర మరీ సన్నం. స్ప్రేయరు ముక్కు (నాజిల్) నుంచి వంటి దాకా వచ్చేలోపే గాలికి చల్లబడిపోతుంది. బకెట్‌లో 42 ఉన్న నీళ్ళు భుజం మీద పడేసరికి చల్లగా తగిలేవి. ముక్కు తీసేసి పెద్ద రంధ్రాల జల్లు బిగిస్తే కొంత నయం. రెండోది యూఎస్‌బీ ఛార్జింగ్ పంపు, బకెట్‌లో ముంచి పెట్టేది. నాలుగేళ్ళుగా వాడుతున్నాను. ఒక ఛార్జింగ్ మీద మొదట్లో ముప్పావు గంట నడిచేది, ఇప్పుడు ఇరవై నిమిషాలు. ఛార్జింగ్ పిన్ను మీది రబ్బరు మూత రెండో ఏడాదే వదులైపోయింది. అప్పటి నుంచి తుడిచి, ఆరబెట్టి మూస్తున్నాను. ఏటి నీళ్ళు నేరుగా వాడితే ఇసుక జాలీలో చేరి పంపు మూలుగుతుంది. పాత పంచె ముక్కలో వడగట్టిన నీళ్ళే పోస్తాను. మరిగే నీళ్ళు దీనికి పడవు, కలిపిన తర్వాతే పంపు ముంచాలి.

ఇంత చేసి అమ్మకు షవర్ పెట్టి ఇచ్చాను. రెండు నిమిషాలకే గుడారంలోంచి పిలిచింది. "ఇది ఒక్కచోటే పడుతోందిరా, మిగతా వంటికి చలేస్తోంది. ఆ చెంబు ఇటివ్వు" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు గోడల మధ్య షవర్ వేరు, ఆవిరి గది నిండా నిలుస్తుంది. ఆరుబయట చలిగాలిలో నిమిషానికి రెండు లీటర్ల సన్నటి ధార కింద భుజం తడిస్తే వీపు ఆరిపోతూ వణుకు పుట్టిస్తుంది. అదే నిండు చెంబు నెత్తిన పోసుకుంటే ఒళ్ళంతా ఒకేసారి వెచ్చబడుతుంది. పీట మీద కూర్చుంటే గాలీ తక్కువ తగులుతుంది. ఇప్పుడు మా ఇంట్లో అందరం చెంబుతోనే స్నానం చేస్తాం. మా ఆవిడ జుట్టుకు షాంపూ పెట్టుకున్న రోజు మాత్రం పంపు తప్పనిసరి. ఒక చేత్తో జుట్టు విడదీసుకుంటూ కడుక్కోవడానికి అది చాలా వీలు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది షవర్ల జాబితాలో లేనే లేదు. 5 లీటర్ల ఇన్సులేటెడ్ జగ్గు, లోపల స్టీలు ఉన్నది. ప్లాస్టిక్ లోపలుండేది వద్దు, మరిగిన నీళ్ళకు వాసన పట్టేస్తుంది. రాత్రి వంటలయ్యాక తొమ్మిదిన్నరకు నీళ్ళు తెర్లించి అందులో పోస్తాను. పొయ్యకముందు కాసిని వేడినీళ్ళు పోసి తొలిపి పారబోస్తే లోపలి చల్లదనం పోతుంది. మూత బిగించి, తువ్వాలు చుట్టి టెంటు మూల పెడితే, తెల్లవారుజామున ఐదింటికి 66 డిగ్రీలు ఉన్నాయి. సమానంగా చన్నీళ్ళు కలిపితే ఒక బకెట్ స్నానం సిద్ధం. చీకట్లో పొయ్యి వెలిగించే పని లేదు, అగ్గిపెట్టె వెతుక్కునే టెన్షన్ లేదు. అమ్మ ఎవర్నీ లేపకుండా తనే లేచి, తనే కలుపుకుని స్నానం చేసేస్తుంది. మేము లేచేసరికి దీపం వెలుగుతూ ఉంటుంది.

స్నానపు గుడారం గురించి ఒక మాట. తియ్యగానే టప్పున విచ్చుకునేది కొన్నాను. మడవడం నేర్చుకోవడానికి నాలుగు ట్రిప్పులు పట్టింది. మేకులు నాలుగూ కొట్టకపోతే వంజంగి గాలికి నిలవదు. కింద చెక్క పలక వేసుకుంటే కాళ్ళకు బురద అంటదు. ఊటకు, ఏటికి కనీసం 60 మీటర్ల దూరంలో వేస్తాం. దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే పట్టుకుని తాగుతారు. వాళ్ళ కడవలోకి మన సబ్బు నురగ పోకూడదు. సబ్బు నీళ్ళు చిన్న గుంట తీసి అందులో పోసి, వచ్చేటప్పుడు పూడ్చేస్తాం. అమ్మ ఎలాగూ సున్నిపిండే తెచ్చుకుంటుంది.

ఈ కార్తీకానికి పిన్ని కూడా వస్తానంటోంది. అమ్మ నిన్ననే ఫోన్ చేసి ఇంకో ఐదు లీటర్ల జగ్గు కొనమంది.