ఫ్లాట్ బెల్టా, వి-బెల్టా? పాత మిల్లుకు ఏది మేలు

తెనాలి దగ్గర మా హల్లరు (ధాన్యం పొట్టు తీసి బియ్యం ఆడే యంత్రం) మిల్లుకు వచ్చినవారిలో సగం మంది అడిగేది ఒకటే: "ఇంకా ఈ ఫ్లాట్ బెల్టు ఎందుకండీ, వి-బెల్టులు వేయించుకోవచ్చు కదా?" ఈమధ్య ఆయిల్ ఇంజను తీసేసి మోటారు పెట్టాం కనుక నేనూ ఈ లెక్క వేసుకోవలసి వచ్చింది.

ఫ్లాట్ బెల్టు, అంటే పట్టీలా బల్లపరుపుగా ఉండే బెల్టు, ఆవిరి ఇంజన్ల నాటిది అనగానే పాతచింతకాయ పచ్చడి అని తీసిపారేస్తారు. ఇంగ్లండు, అమెరికా పొలాల్లో నూర్పిడి యంత్రాలను తిప్పింది అదే. పొగగొట్టం నుంచి ఎగిరే నిప్పురవ్వలు గడ్డి మీద పడకుండా ఇంజనును బాగా దూరంగా నిలిపేవారు. ఆ దూరం బెల్టుకూ కలిసివచ్చేది: పొడవాటి బెల్టు తన బరువుకు తానే వేలాడి పుల్లీని పట్టుకుంటుంది. బిగువు చాలకపోతే ఇంజనునే జానెడు వెనక్కి నడిపి చక్రాలకు అడ్డు పెట్టేవారు. గాలికి కొట్టుకోకుండా బెల్టుకు మధ్యలో ఒక మెలిక వేసేవారు. మెలిక వేస్తే యంత్రం ఎదురు దిశలో తిరుగుతుంది, పుల్లీకి బెల్టు ఇంకాస్త ఎక్కువ చుట్టుకుంటుంది. మన డెల్టాలో ఊక కాల్చి ఆవిరి పుట్టించిన పాత రైసు మిల్లులు నడిచిందీ ఈ బెల్టుల మీదే.

వి-బెల్టు అడ్డకోత ఇంగ్లీషు V ఆకారంలో ఉంటుంది, దాని గొప్ప పట్టులో ఉంది. పుల్లీ మీది 34 నుంచి 38 డిగ్రీల గాడిలో అది చీలలా దిగబడుతుంది కాబట్టి, అదే బిగువుకు ఫ్లాట్ బెల్టుకన్నా దాదాపు మూడింతలు పట్టుకుంటుంది. ఆవిరి ఇంజనుకు పెద్ద ఫ్లైవీలు, నిమిషానికి 200, 250 చుట్ల నిదానం. 1440 చుట్లు తిరిగే మోటారుకు ఉండేది చిన్న పుల్లీ, దాని మీద ఫ్లాట్ బెల్టు ఆనే చోటే తక్కువ. గుంటూరులో పదడుగుల కొట్లో కారం మిల్లు పెట్టుకున్నవారికి వి-బెల్టే దిక్కు. అక్కడ నా వాదనేమీ లేదు.

అయితే నా మట్టుకు తేల్చేది పట్టు కాదు, యంత్రం ఇరుక్కున్నప్పుడు ఏది లొంగుతుందన్నది. నిరుడు సంక్రాంతికి ముందు ధాన్యంలో ఎక్కడి నుంచో ఇనుప బోల్టు వచ్చింది. హల్లరు కీచుమని ఆగిపోయింది, బెల్టు ఒక్కసారి గింజుకుని పుల్లీ మీద నుంచి పక్కకు పడింది. బోల్టు తీసి, బెల్టు ఎక్కించి, అరగంటలో మళ్లీ ఆడించాం. నాకు తెలిసిన ఇంకో మిల్లులో ఇలాగే జరిగింది. అక్కడి నాలుగు వి-బెల్టులూ పట్టు వదల్లేదు. మోటారును ఆపేలోపే బ్లేడు విరిగి, జల్లెడ చిరిగి, షాఫ్టు వంగింది.

మరమ్మతు సంగతి చూడండి. ఫ్లాట్ బెల్టు తెగితే ఉన్నచోటనే క్లిప్పులు కొట్టి అతకవచ్చు. మామూలు వి-బెల్టుకు అతుకు ఉండదు. రెండు బేరింగుల నడుమ ఉన్న పుల్లీకి వేయాలంటే ఒక బేరింగు విప్పి షాఫ్టు లేపాల్సిందే. నాలుగింటిలో ఒకటి తెగితే నాలుగూ మార్చాలి, లేకపోతే సాగని కొత్తదాని మీదే భారమంతా పడుతుంది.

ఫ్లాట్ బెల్టు పెట్టే తంటాలు లేవనను. ఊడినప్పుడు కొరడాలా కొడుతుంది. పంచె అంచు, చీర చెంగు దగ్గరకు పోకుండా చుట్టూ జాలీ కట్టాలి. లాగే వైపు కింద, వదులు వైపు పైన ఉండాలి, తిరగేస్తే జారుతుంది. పుల్లీ నడుమ ఉబ్బు అరిగిపోకూడదు. ఉబ్బు మీద నుంచి బెల్టు జారిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ, తిరిగే బెల్టు ఎప్పుడూ ఎత్తు వైపే ఎక్కుతుంది. ఆ ఉబ్బు చదునైన పుల్లీ మీద ఎంత ఖరీదైన బెల్టూ నిలవదు. జారే బెల్టుకు జిగురు పూసి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు, ముందు పుల్లీ చూసుకోవాలి.

గేర్లు, గొలుసులు అడిగేవారూ ఉన్నారు. ఊక దుమ్ములో వాటికి నూనె పెట్టే ఓపిక నాకు లేదు. తోలు బెల్టు మన తేమకు సాగుతుంది, రబ్బరు పట్టించిన కాన్వాసు చాలు.

చివరికి మేము మోటారు నుంచి, హల్లరును తిప్పే నడిమి షాఫ్టుకు మూడు వి-బెల్టులు వేశాం. ఆ పుల్లీ షాఫ్టు చివర, బేరింగు బయట ఉంది కాబట్టి మార్చడం కష్టం కాదు. షాఫ్టు నుంచి హల్లరుకు మాత్రం పాత ఫ్లాట్ బెల్టునే ఉంచాం.