మంగళాజోడి పక్షుల పడవ: నీటి పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు నా సలహా ఇదే

ఒడిశాలో టాంగి దగ్గర, చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. నీటి పక్షుల ఫొటోలకు ఎక్కడికెళ్లాలని ఎవరడిగినా నేను మొదట ఆ ఊరి పేరే చెబుతాను. అక్కడ పక్షులు బోలెడు, నిజమే. కానీ నేను డబ్బులిచ్చేది ఆ పడవకి, దాన్ని నడిపే మనిషికి.

నాటు పడవ, అడుగు బల్లపరుపుగా ఉంటుంది. మోటారు లేదు. వెనక నిలబడ్డ మనిషి పొడవాటి వెదురు గెడతో నెట్టుకుంటూ, జమ్ము మధ్య సన్నటి నీటి దారుల్లోకి తీసుకెళ్తాడు. మరో సరస్సులో మోటారు బోటెక్కినప్పుడు, నేను కెమెరా ఎత్తేలోపే గుంపు మొత్తం లేచిపోవడం చూశాను. ఇక్కడ పడవ పక్కకి వచ్చినా పక్షులు మేత ఆపవు.

నల్లతోక గాడ్‌విట్ పక్షులనే తీసుకోండి. శీతాకాలంలో ఇక్కడికి వేలల్లో వస్తాయి. మా పడవాయన ఒక గుంపుకి కాస్త దూరంలోనే ఆగి, గెడను బురదలో గట్టిగా దింపి పట్టుకున్నాడు. ఇక పడవ కదల్లేదు. పక్షులే మేసుకుంటూ మా వైపు నడిచొచ్చాయి. ముక్కు మొదట్లో గులాబీ రంగు, కొసకి నలుపు. దాన్ని నిలువునా బురదలో గుచ్చి, కళ్లదాకా తల దించేసి వెతుకుతుంటాయి. తల పైకెత్తినప్పుడు ముక్కు నుంచి కారే బురద నీళ్లు కూడా ఫొటోలో పడ్డాయి. దూరం నుంచి ఎంత పెద్ద లెన్స్ పెట్టినా ఆ వివరం రాదు.

ఆయనకి వెలుగు సంగతి కూడా తెలుసు. అడక్కుండానే, ఎండ మా వీపు వైపు ఉండేలా పడవ తిప్పాడు. "భాయ్, అదేంటి?" అని వేలు చూపిస్తే చాలు, ఇంగ్లిషు పేరు చెప్పి, పడవలో ఉన్న పుస్తకంలో బొమ్మ తీసి చూపించాడు. బైనాక్యులర్స్ కూడా ఇచ్చారు. జమ్ము మొదట్లో దాక్కున్న చిన్న క్రేక్ పిట్టని ఆయన చూపిస్తున్నా, నాకు కనపడటానికి చాలాసేపు పట్టింది. ఆయన కళ్లు అలా తయారవడానికి వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు ఈ ఊళ్లో చాలామంది పక్షుల్ని వేటాడి అమ్మేవాళ్లు. 2000లో వేట మానేసినవాళ్లే పక్షుల్ని కాపాడే మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడ్డారు. పక్షి ఎక్కడ మేస్తుంది, ఎంత దూరంలో బెదురుతుంది అన్న లెక్క వేటలోంచి వచ్చిందే. ఇప్పుడు అదే వాళ్లకి కూడు పెడుతోంది. అందుకే పడవ బాడుగ దగ్గర గీచి గీచి బేరమాడటం నాకు నచ్చదు.

కెమెరా విషయానికొస్తే, 100-400 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఇక్కడ హాయిగా సరిపోతుంది. ట్రైపాడ్ దండగ, పడవ ఊగితే అదీ ఊగుతుంది. చిన్న గుడ్డ సంచిలో బియ్యం పోసి, పడవ అంచు మీద పెట్టి, దాని మీద లెన్స్ ఆనించండి. వీలైతే పడవ అడుగున కూర్చోండి. లెన్స్ నీటికి దగ్గరగా వస్తే పక్షి కంటికి సమానంగా చూస్తున్నట్టు ఉంటుంది, వెనక జమ్ము మెత్తగా మసకబారుతుంది. మీసాల టెర్న్ పక్షులు నీళ్ల మీదికి దూకేటప్పుడు షట్టర్ వేగం 1/2000 సెకను కంటే తగ్గితే రెక్కలు చెదిరిపోతాయి. తెల్ల కొంగలకి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కాస్త తగ్గించాలి, లేకపోతే ఈకలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి.

ఇబ్బందులూ చెప్పాలి. మేమెక్కిన పడవకి నీడ లేదు, పదింటికల్లా ఎండ మాడ్చేస్తుంది. మధ్యలో దిగే చోటు ఉండదు కాబట్టి పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే గంటకో రెండు గంటలకో సరిపెట్టుకోండి. సెలవు రోజుల్లో పడవల రద్దీ. ఆ రద్దీలో నాకు బాగా కోపం తెప్పించింది వచ్చినవాళ్లే. "ఇంకా దగ్గరికి పోనీ, ఎగిరే ఫొటో కావాలి" అని పడవాయన్ని సతాయిస్తున్నారు. వేల మైళ్లు ఎగిరొచ్చి, తిరిగి వెళ్లడానికి ఒంట్లో కొవ్వు పట్టించుకుంటున్న పక్షిని మన ఫొటో కోసం లేపడం తప్పు. ఆయన కుదరదంటే వినండి, ఆయనకి తెలుసు.

విశాఖ నుంచి రైల్లో బాలుగావ్‌లో దిగి, హైవే మీదుగా టాంగి వైపు వెళ్లొచ్చు. భువనేశ్వర్ నుంచైతే కారే సులువు. డిసెంబరు, జనవరి మంచి నెలలు. ముందురోజే ఊళ్లో దిగి, రాత్రికే పడవ మాట్లాడేసుకుని, తెల్లారేసరికి రేవులో ఉండండి. ఒక పడవకి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు చాలు, ముగ్గురైతే ఒకరి మోచేయి ఇంకొకరి లెన్స్‌కి తగులుతూనే ఉంటుంది.