అల్లూరి నడిచిన దారిలో పిల్లలతో: కృష్ణదేవిపేట, చింతపల్లి, లంబసింగి

లంబసింగికి చలికాలంలో వచ్చేవాళ్ళు చాలామంది తెల్లారి మంచు చూసి, ఫొటోలు దిగి, బొంగు చికెన్ తిని వెళ్ళిపోతారు. హైస్కూల్ చదివే పిల్లలుంటే దయచేసి అలా చేయకండి. కనీసం ఒక పూట అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేటకు కేటాయించండి.

మా అక్క పిల్లలిద్దరినీ తీసుకుని విశాఖ నుంచి ఆర్టీసీ బస్సులో నర్సీపట్నం వెళ్ళాం. బస్సులు బాగానే ఉన్నాయి. అక్కడి నుంచి మాత్రం కారు మాట్లాడుకోవడమే మేలు, ఎందుకంటే మన్యంలో ఊళ్ళు దూరం దూరం, బస్సు కోసం ఆగితే రోజు గడిచిపోతుంది. బయల్దేరే ముందే రేటు, తిరిగే ఊళ్ళు తేల్చుకోండి.

కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి ఉంది, ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధి కూడా అక్కడే. 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చి చంపేనాటికి రాజుకి ఇరవై ఏడేళ్ళు నిండలేదు. ఈ మాట చెప్పగానే పెద్దవాడు "మామయ్యా, మన బాబాయి కంటే చిన్నవాడా!" అన్నాడు. స్కూల్లో చూసే పటంలోని మనిషి వాడికి అప్పుడు నిజమయ్యాడు.

ఇక్కడికి వచ్చే ముందు కథ మీరు చదువుకుని రండి, చెప్పాల్సింది మీరే. రాజు, ఆయన మనుషులు 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్ళారు, పట్టుకెళ్ళినవి రికార్డులో రాసి మరీ వెళ్ళారు. పిల్లలకు ఇది భలే నచ్చుతుంది. కానీ అక్కడితో ఆపేస్తే అది ఫైటింగ్ కథే అవుతుంది. అసలు ఎందుకు తిరగబడ్డారో చెప్పాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద, అంటే అడవి కొట్టి కాల్చి చేసే కొండ వ్యవసాయం మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు పెట్టారు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరిగ్గా కూలి ఇవ్వకుండా మనుషులతో వెట్టి చేయించాడు. ఘాట్ ఎక్కుతూ ఈ సంగతి చెబితే చిన్నది కిటికీలోంచి రోడ్డునే చూస్తూ, "ఇప్పుడైతే ఎవరికి కంప్లైంట్ చేస్తారు?" అని అడిగింది. కలెక్టరు, కోర్టు, ఓటు అంటూ చింతపల్లి దాకా మాట్లాడుకున్నాం. పౌరశాస్త్రం పుస్తకంలో నెల రోజులకు రానిది ఆ దారిలో వచ్చింది.

గాం మల్లుదొర సంగతి తప్పకుండా చెప్పండి. రాజు వెంట పోరాడి, అండమాన్ జైలు శిక్ష అనుభవించిన ఈ మనిషి 1952లో మన మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తుపాకీ పట్టిన చెయ్యే తర్వాత చట్టసభలో కూర్చుందంటే స్వాతంత్ర్యం వల్ల ఏం మారిందో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. మనం రాజుకి దండలు వేస్తాం, మంచిదే, కానీ ఆయనకు అన్నం పెట్టి, దాచి, ఆయనతో చచ్చిపోయిన గిరిజనుల పేర్లు ఎంతమందికి తెలుసు? ఆ రుణం చాలా పెద్దది.

బస విషయానికొస్తే, లంబసింగిలో మేం దిగిన టెంట్ల చోట రాత్రి పొద్దుపోయేదాకా డీజే, పొద్దున్నే వేడినీళ్ళు లేవు, అడిగితే సమాధానం లేదు. పిల్లలతో అయితే నర్సీపట్నంలో మామూలు లాడ్జి చాలు, గదులు శుభ్రంగా ఉన్నాయి, కింద హోటల్లో ఇడ్లీ వేడిగా దొరికింది. మంచు చూడాలంటే తెల్లవారుజామునే కారులో ఎక్కొచ్చు, స్వెట్టర్లు మాత్రం మర్చిపోవద్దు. పైన సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, ఫోన్ పే మీద ఆధారపడకుండా చిల్లర దగ్గర ఉంచుకోండి. దారిలో సంతలో పసుపు, మిరియాలు గిరిజనుల దగ్గరే కొనండి, బేరమాడకండి.