ఏది మేలు? ఎక్స్‌ట్రా వర్జినా, పొమేసా, మన నువ్వుల నూనె సరిపోతుందా?

నాన్నకు స్టెంట్ వేశాక మా ఇంట్లో మొదట మారింది నూనె. ఆలివ్ నూనె గుండెకు మంచిదని ఎవరో చెబితే ఐదు లీటర్ల డబ్బా తెచ్చాను. ఏడాదిన్నర పాటు తాలింపులు, వేపుళ్లు, పండగకి గారెలు అన్నీ దాంతోనే. ఒకరోజు ఖాళీ డబ్బా పారేయబోతూ వెనకవైపు చిన్న అక్షరాలు చదివాను. ‘పొమేస్’ అని ఉంది. అదేంటో తెలుసుకున్నాక మనసు చివుక్కుమంది. నాన్న కోసం నేను కొనాలనుకున్నది ఆ డబ్బాలో దాదాపు లేదు.

ఆలివ్ నూనెలో ఎక్కువ భాగం ఒలియిక్ ఆమ్లం అనే కొవ్వు. అది మంచి కొవ్వే, కానీ మన పల్లీ నూనెలోనూ బాగానే ఉంటుంది. ఆలివ్‌కి ప్రత్యేకమైనవి దాని పాలిఫినాల్స్, అంటే కాయలో సహజంగా ఉండే రక్షక పదార్థాలు: హైడ్రాక్సీటైరోసాల్, ఒలియోకాంతాల్ వంటివి. తాజా ఆలివ్ నూనెకు చేదూ ఘాటూ వీటివల్లే. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే ఎల్‌డీఎల్ కణాలు ఆక్సీకరణకు గురైతే, అంటే ఆక్సిజన్‌తో కలిసి చెడితే, రక్తనాళాల గోడల్లో పేరుకుని పూడికకు దారితీస్తాయి. ఈ పాలిఫినాల్స్ ఆ ఆక్సీకరణను తగ్గిస్తాయి.

దీన్ని తేల్చడానికి యూరప్‌లో చేసిన యూరోలివ్ పరిశోధన నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది కూడా ఏది మేలు అనే ప్రశ్నే. ఆరోగ్యంగా ఉన్న 200 మంది మగవాళ్లకు మూడు రకాల ఆలివ్ నూనెలు, ఒక్కోటి మూడు వారాల పాటు, రోజుకు 25 మిల్లీలీటర్లు ఇచ్చారు. మూడింట్లోనూ కొవ్వు దాదాపు ఒకటే. తేడా అంతా పాలిఫినాల్స్‌లోనే: కిలోకు 2.7 మిల్లీగ్రాములు ఒకదానిలో, 164 ఇంకోదానిలో, 366 మూడోదానిలో. 2006లో ఫలితాలు వచ్చాయి. పాలిఫినాల్స్ పెరిగేకొద్దీ ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ కొద్దిగా పెరిగింది. అంటే ‘ఆలివ్’ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు.

2012లో యూరోపియన్ యూనియన్ ఒక నిబంధన పెట్టింది. రక్తంలోని కొవ్వులను ఆక్సీకరణ నుంచి కాపాడుతుందని సీసా మీద రాయాలంటే, 20 గ్రాముల నూనెలో హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు కలిపి కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి.

ఇప్పుడు రకాలకు వద్దాం. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే కాయలను నూరి, రసాయనాలు కలపకుండా, వేడి పెరగకుండా తీసిన నూనె. ఆమ్లత్వం 0.8 శాతం దాటకూడదు. ‘ప్యూర్’, ‘లైట్’ అని అమ్మేవి రిఫైన్ చేసిన నూనెలో కాస్త వర్జిన్ కలిపినవి. ‘లైట్’ అంటే కొవ్వు తక్కువ అనుకునేరు, తేలికైనది రుచీ వాసనా మాత్రమే. ఇక పొమేస్. నువ్వులు గానుగాడాక తెలగపిండి మిగులుతుంది కదా, అలాగే ఆలివ్ కాయలు పిండగా మిగిలిన పిప్పిలో ఇంకా కాస్త నూనె ఉంటుంది. దాన్ని హెక్సేన్ లాంటి ద్రావకంతో లాగి, రిఫైన్ చేసి, కొంచెం వర్జిన్ కలిపి అమ్ముతారు. విషమేమీ కాదు, ఒలియిక్ ఆమ్లం అలాగే ఉంటుంది. కానీ రిఫైనింగ్‌లో చేదుతో పాటు పాలిఫినాల్స్ కూడా పోతాయి. నేను ఏడాదిన్నర వాడింది అదే.

చేతిలో ల్యాబ్ లేకపోయినా కొంత పరీక్ష మనమే చేసుకోవచ్చు. చిన్న గ్లాసులో చెంచాడు నూనె పోసి, అరచేతుల మధ్య పట్టుకుని కాస్త వెచ్చబడనివ్వండి. వాసన చూడండి. మంచి నూనె అయితే అప్పుడే కోసిన గడ్డి వాసన, టమాటా ఆకు నలిపిన వాసన వస్తాయి. నాలిక మీద చేదు. మింగిన రెండు మూడు క్షణాలకు గొంతు వెనక మిరియం తగిలినట్టు ఘాటు, ఒక్కోసారి దగ్గు. ఆ మంట ఒలియోకాంతాల్‌ది. గ్యారీ బోషాంప్ అనే అమెరికా శాస్త్రవేత్త సిసిలీలో తాజా నూనె రుచి చూసినప్పుడు, ఇబుప్రోఫెన్ అనే నొప్పి మందు ద్రవం గొంతులో పెట్టే మంట గుర్తొచ్చిందట. ఆ పట్టు వదలకుండా వెళితే, ఈ పదార్థం కూడా ఇబుప్రోఫెన్ అడ్డుకునే ఎంజైములనే అడ్డుకుంటుందని తేలింది. 2005లో ప్రచురించారు. అలాగని నొప్పి మాత్ర బదులు నూనె తాగొద్దు. రోజుకు 50 గ్రాములు తీసుకున్నా పెద్దల ఇబుప్రోఫెన్ మోతాదులో పదో వంతు ప్రభావమే.

మొదటిసారి కందిపప్పు మీద చెంచాడు వేసి పెడితే నాన్నకు పొలమారింది. “ఏంటమ్మా, ఇలా గొంతు పట్టుకుంటోంది, పాడైందేమో చూడు” అన్నారు. దానికోసమే కొన్నాను నాన్నా అన్నాను.

పెద్ద ఆధారం స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అనే పరిశోధన. గుండెజబ్బు ముప్పున్న 7,447 మందిని చేర్చుకున్నారు. ఎక్స్‌ట్రా వర్జిన్‌తో మెడిటరేనియన్ (మధ్యధరా సముద్ర తీరపు) తిండి తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తగ్గాయి. మనుషులను గుంపులుగా విడదీయడంలో లోపాలు బయటపడి 2013 నాటి వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, 2018లో మళ్లీ లెక్కగట్టి వేస్తే ఫలితం దాదాపు అలాగే వచ్చింది. అయితే వాళ్లు కూరగాయలు, పప్పుదినుసులు, చేపలు కూడా తిన్నారు. ఘనతంతా నూనెకే కట్టబెట్టలేం.

మరి మన నువ్వుల నూనె? మా అమ్మమ్మ దాన్నే మంచినూనె అనేది. అందులో సెసమిన్, సెసమోలిన్ అనే సహజ పదార్థాలు ఉంటాయి. వేడి తగిలితే సెసమోలిన్ నుంచి సెసమాల్ వస్తుంది, అదీ గట్టి యాంటీఆక్సిడెంటే, అంటే ఆక్సీకరణను అడ్డుకునేదే. ఆవకాయ ఏడాదంతా నిలవున్నా నూనె త్వరగా చెడకపోవడానికి ఇవి కూడా కారణం. జాడీలో నూనెను కాపాడినంత మాత్రాన మన ఒంట్లోనూ అంతే చేస్తుందని చెప్పలేం. దీని మీద ప్రెడిమెడ్ లాంటి పెద్ద పరిశోధన లేదు, చిన్నచిన్నవే ఉన్నాయి. అందుకే ఆధారాల్లో ఎక్స్‌ట్రా వర్జిన్‌దే పైచేయి అంటాను. కానీ పొమేస్, గానుగ నువ్వుల నూనె మధ్య ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా నువ్వుల నూనె తీసుకుంటాను. ఆలివ్ పేరు లేదని బెంగపడక్కర్లేదు.

హైడ్రాక్సీటైరోసాల్ క్యాప్సూల్స్ మాత్రం నేను కొనను. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో బయటపడింది. ఇది ఆ పదార్థం కాదు, నిజమే, కానీ యాంటీఆక్సిడెంట్ అని మాత్ర రూపంలో ఏది పడితే అది నాన్న చేతిలో పెట్టలేను.

వంటకి వస్తే, బార్సిలోనా విశ్వవిద్యాలయం వాళ్లు ఎక్స్‌ట్రా వర్జిన్‌లో వేయించి చూస్తే 120 డిగ్రీల దగ్గర పాలిఫినాల్స్ 40 శాతం, 170 దగ్గర 75 శాతం తగ్గాయి. ఖరీదైన నూనెలో పూరీలు వేయించడం డబ్బు దండగ. మా ఇంట్లో ఇప్పుడు తాలింపు పల్లీ నూనెతో, ఇడ్లీ కారప్పొడిలోకి నువ్వుల నూనె, పప్పు మీదా కీరా ముక్కల మీదా పచ్చిగా ఎక్స్‌ట్రా వర్జిన్. మొత్తం నూనె కొలత మాత్రం పెంచలేదు, ఏ నూనైనా చెంచాకు 120 కేలరీలే, పెద్ద చెంచా లెక్కన.

కొనేటప్పుడు ముదురు రంగు గాజు సీసా, కాయ కోసిన సీజన్ తేదీ చూడండి. కోరటీనా, పికువల్, కొరొనేకీ రకం ఆలివ్ కాయల నూనెలో ఘాటు ఎక్కువ, అర్బెకీనాలో తక్కువ. నేను పావు లీటరు సీసానే తెస్తాను. తెరిచిన రోజు తేదీ స్కెచ్ పెన్నుతో రాసి, పొయ్యికి దూరంగా అలమరలో పెట్టి, రెండు నెలల్లో అవగొట్టేస్తాం.